కంటైనర్‌లో క్రాన్ జాబ్: రాత్రి 2 గంటల బ్యాకప్ నిజంగా నడిచిందా?

 

ఈరోజు టాపిక్ వినడానికి కొంచెం బోరింగ్‌గా ఉంటుంది, ముందే చెప్పేస్తున్నా. డేటాబేస్ మీద రోజూ ఒకసారి, గంటకోసారి, నెలకోసారి జరగాల్సిన పనులు కొన్ని ఉంటాయి కదా. బ్యాకప్ తీయడం, పాత ఓటీపీలు తుడిచేయడం, రిపోర్ట్ టేబుల్ రిఫ్రెష్ చేయడం, ఇలాంటివి. వీటిని డాకర్ లేదా కుబర్నెటిస్ సెటప్‌లో ఎలా షెడ్యూల్ చేయాలి అన్నది టాపిక్. షెడ్యూల్ రాయడం ఐదు నిమిషాల పని, అది ఎవరైనా చేస్తారు. ఆ పని ఒకరోజు ఆగిపోతే మనకి ఎలా తెలుస్తుంది? కష్టమంతా అక్కడే ఉంది. అందుకే ఈరోజు ఎక్కువ టైమ్ దాని మీదే పెడతాను.

ముందు ఒక నిజంగా జరిగిన విషయం చెప్తా. 2017 జనవరి 31. గిట్‌ల్యాబ్ తెలుసు కదా, కోడ్ పెట్టుకునే సైట్. వాళ్ల పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కి ఒక మెయిన్ సర్వర్, దాని కాపీగా ఇంకో సర్వర్ ఉన్నాయి. కాపీ వెనకబడిపోయింది. దాన్ని సరిచేయడానికి రాత్రి పూట కూర్చున్న ఇంజినీర్, కాపీ సర్వర్‌లో డిలీట్ చేయాల్సిన ఫోల్డర్‌ని మెయిన్ సర్వర్‌లో డిలీట్ చేశారు. ఒకటి రెండు సెకన్లలోనే గమనించి ఆపేశారు. కానీ దాదాపు 300 జీబీలో అప్పటికి మిగిలింది 4.5 జీబీ.

సరే, మనిషి అన్నాక చెయ్యి జారుతుంది. బ్యాకప్ ఉంటుంది కదా అనుకుంటాం. వాళ్లూ అలాగే అనుకున్నారు. రోజూ ఒకసారి పీజీ డంప్ నడిచి, బ్యాకప్ ఫైల్ అమెజాన్ ఎస్3లోకి వెళ్లేలా క్రాన్ పెట్టి ఉంది. వెళ్లి చూస్తే ఎస్3 బకెట్ ఖాళీ. ఎందుకంటే డేటాబేస్ వెర్షన్ 9.6, క్రాన్ పిలుస్తున్న పీజీ డంప్ వెర్షన్ 9.2. పాత పీజీ డంప్ కొత్త సర్వర్‌ని చూస్తే వెర్షన్ కలవట్లేదని ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. మరి ఆ ఎర్రర్ ఎవరికీ ఎందుకు తెలియలేదు? క్రాన్ ఫెయిల్ అయితే ఈమెయిల్ రావాలి. ఆ మెయిల్స్‌కి సరైన సంతకం లేదని, అంటే డీమార్క్ చెక్ పాస్ కాలేదని, మెయిల్ సర్వర్ వాటిని తిప్పికొట్టేసింది. అంటే బ్యాకప్ రోజూ ఫెయిల్ అవుతోంది, దాని గురించి చెప్పే మెయిల్ కూడా రోజూ ఫెయిల్ అవుతోంది. పైనుంచి చూసేవాళ్లకి మాత్రం అంతా ప్రశాంతంగా ఉంది.

చివరికి వాళ్లని కాపాడింది ఏంటంటే, సుమారు 6 గంటల ముందు వేరే పని కోసం చేత్తో తీసిన ఒక డిస్క్ స్నాప్‌షాట్. అది కూడా లేకపోతే కథ వేరేగా ఉండేది. అయినా సుమారు 5,000 ప్రాజెక్టుల రికార్డులు, 5,000 కామెంట్లు, 700 కొత్త యూజర్ అకౌంట్లు పోయాయి. రికవరీని యూట్యూబ్‌లో లైవ్ పెట్టారు, జరిగిందంతా దాచకుండా రాసి పెట్టారు. అందుకే ఇన్ని వివరాలు మనకి తెలుస్తున్నాయి. ఆ నిజాయితీకి నాకైతే చాలా గౌరవం.

గమనించండి, అది కంటైనర్ సెటప్ కాదు, మామూలు సర్వర్లు. కానీ అక్కడ జరిగిన ప్రతి తప్పూ కంటైనర్‌లో ఇంకా సులువుగా జరుగుతుంది. ఎలాగో చూద్దాం.

మాట్లాడుకోవడానికి ఒక ఉదాహరణ పెట్టుకుందాం. అమీర్‌పేటలో హాస్టళ్లు ఎన్ని ఉంటాయో మీకు తెలుసు. ఒక హాస్టల్ ఓనర్ కోసం మీరు చిన్న యాప్ చేసి ఇచ్చారు అనుకోండి. 200 మంది స్టూడెంట్స్, ఎవరు ఏ రూమ్, ఎవరు అద్దె కట్టారు, ఎవరు కట్టలేదు, అంతా పోస్ట్‌గ్రెస్‌లో ఉంది. 5వ తేదీ లోపు అద్దె కట్టాలి, కట్టకపోతే 6న 200 రూపాయల లేట్ ఫీజు పడుతుంది. రోజూ రాత్రి 2 గంటలకి బ్యాకప్. గంటకోసారి పాత ఓటీపీలు డిలీట్. ఈ మూడు పనులు చాలు మనకి.

పాత పద్ధతిలో అయితే ఒక లినక్స్ సర్వర్, అందులో ఎప్పట్నుంచో క్రాన్ కూర్చుని ఉంటుంది. క్రాన్ అంటే 1970ల నుంచి యూనిక్స్‌లో ఉన్న ప్రోగ్రాం, మనలో చాలామంది కన్నా పెద్దది. క్రాన్‌ట్యాబ్‌లో ఒక లైన్ రాస్తే ఆ టైమ్‌కి ఆ కమాండ్ నడుస్తుంది. కంటైనర్ అంటే అలాంటి పూర్తి సర్వర్ కాదు. ఒక ప్రోగ్రాం, అది నడవడానికి కావాల్సిన ఫైళ్లు, అంతే. ఆ ప్రోగ్రాం ఆగితే కంటైనర్ కూడా ఆగిపోతుంది. అందులో క్రాన్ ఉండదు, లాగ్ రాసే సిస్‌లాగ్ ఉండదు, మెయిల్ పంపేది ఉండదు.

అందరూ మొదట చేసేది ఏంటంటే, యాప్ కంటైనర్‌లోనే క్రాన్ ఇన్‌స్టాల్ చేసేస్తారు. డాకర్‌ఫైల్‌లో రెండు లైన్లు, అయిపోయింది. లోపలికి వెళ్లి చేత్తో స్క్రిప్ట్ నడిపితే చక్కగా నడుస్తుంది. రాత్రి 2 గంటలకి మాత్రం నడవదు. ఎందుకు?

డేటాబేస్ పాస్‌వర్డ్, హోస్ట్ పేరు ఇవన్నీ మనం కంటైనర్‌కి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌గా ఇస్తాం. డెబియన్ ఇమేజ్‌లో వచ్చే క్రాన్ వాటిని తన జాబ్స్‌కి ఇవ్వదు. చాలా చిన్న, శుభ్రమైన ఎన్విరాన్‌మెంట్‌తో జాబ్‌ని మొదలుపెడుతుంది. మీరు లోపలికి వెళ్లి నడిపినప్పుడు మీ షెల్‌కి అవన్నీ ఉన్నాయి కాబట్టి పని చేసింది. క్రాన్ నడిపినప్పుడు పాస్‌వర్డ్ లేదు, కనెక్షన్ ఫెయిల్. ఆ ఎర్రర్‌ని క్రాన్ ఏం చేస్తుంది? మెయిల్ పంపాలని చూస్తుంది. కంటైనర్‌లో మెయిల్ లేదు. ఎర్రర్ గాల్లో కలిసిపోతుంది. డాకర్ లాగ్స్‌లో చూస్తే ఏమీ కనపడదు, ఎందుకంటే డాకర్ చూసేది కంటైనర్ మెయిన్ ప్రోగ్రాం రాసే అవుట్‌పుట్‌ని మాత్రమే.

ఇంకో చిన్న తమాషా ఉంది. బ్యాకప్ ఫైల్ పేరులో తేదీ రావాలని డేట్ కమాండ్‌లో పర్సెంట్ గుర్తు పెడతాం కదా. క్రాన్‌ట్యాబ్ లైన్‌లో పర్సెంట్ గుర్తుకి వేరే అర్థం ఉంది, అక్కడితో కమాండ్ తెగిపోయి మిగతాది కొత్త లైన్ అవుతుంది. దాని ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాలి. లేదంటే కమాండ్ మొత్తాన్ని ఒక స్క్రిప్ట్ ఫైల్‌లో పెట్టి, క్రాన్‌ట్యాబ్‌లో ఆ ఫైల్ పేరు మాత్రమే రాయాలి. నేనైతే ఎప్పుడూ రెండోదే చెప్తా. ఈ ఒక్క గుర్తు వల్ల ఎంతమంది ఎన్ని గంటలు తల పట్టుకున్నారో లెక్కలేదు.

ఇవన్నీ సరిచేసుకున్నారే అనుకోండి. హాస్టల్ యాప్ బాగా నడుస్తోంది, లోడ్ పెరిగింది, యాప్ కంటైనర్లని ఒకటి నుంచి మూడు చేశారు. ఇప్పుడు క్రాన్‌లు కూడా మూడు. 6వ తేదీ పొద్దున ప్రతి లేట్ స్టూడెంట్‌కీ 200 బదులు 600 పడింది. ఊర్నుంచి నాన్న పంపే డబ్బుల కోసం ఎదురుచూస్తున్న పిల్లాడికి 600 అంటే మాటలు కాదు. ఓనర్‌కి ఫోన్లు, ఓనర్ నుంచి మీకు ఫోన్లు.

అందుకే ఒక గట్టి అభిప్రాయం చెప్తున్నా. యాప్ కంటైనర్‌లో క్రాన్ పెట్టకండి. కొత్త వెర్షన్ డిప్లాయ్ చేసినప్పుడు కూడా ఇదే గొడవ. డాకర్ స్టాప్ అంటే ప్రోగ్రాంకి ఆగమని చెప్పి, మామూలుగా 10 సెకన్లు చూసి, అప్పటికీ ఆగకపోతే చంపేస్తుంది. అదే టైమ్‌లో లోపల బ్యాకప్ సగంలో ఉంటే అది కూడా పోయినట్టే.

మరి ఎక్కడ పెట్టాలి? మీకు ఒక్కటే సర్వర్ ఉందా? నెలకి కొన్ని వందల రూపాయల చిన్న వీపీఎస్, దాని మీద డాకర్ కంపోజ్? అయితే ఆ సర్వర్ సొంత క్రాన్‌నే వాడండి. కంటైనర్ బయట, హోస్ట్ మీద. ఆ టైమ్‌కి డాకర్ కంపోజ్ ఎగ్జెక్ ద్వారా పోస్ట్‌గ్రెస్ కంటైనర్ లోపలున్న పీజీ డంప్‌ని పిలవండి. ఇందులో ఒక పెద్ద లాభం ఉంది. డేటాబేస్ కంటైనర్‌లో ఉన్న పీజీ డంప్ ఎప్పుడూ ఆ డేటాబేస్ వెర్షన్‌దే. అంటే గిట్‌ల్యాబ్‌కి వచ్చిన 9.2, 9.6 సమస్య ఇక్కడ పుట్టదు.

ఒక్క జాగ్రత్త. చేత్తో నడిపేటప్పుడు డాకర్ ఎగ్జెక్‌కి మైనస్ ఐటీ అని పెట్టడం అందరికీ అలవాటు. అందులో టీ అంటే నాకు టెర్మినల్ కావాలి అని. క్రాన్ దగ్గర టెర్మినల్ ఉండదు, కాబట్టి కమాండ్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. టీ తీసేయండి. కంపోజ్ ఎగ్జెక్ అయితే అడగకుండానే టెర్మినల్ పెట్టుకోవాలని చూస్తుంది, దానికి మైనస్ పెద్ద టీ ఇచ్చి వద్దని చెప్పాలి.

కొంతమంది ఇది పాత పద్ధతి అని తక్కువగా చూస్తారు. ఒక్క సర్వర్ ఉన్నవాళ్లకి ఇంతకన్నా మంచి పద్ధతి నాకు కనపడలేదు. హాస్టల్ యాప్ కోసం కుబర్నెటిస్ క్లస్టర్ పెట్టడం అంటే ఇద్దరికి ఉప్మా చేయడానికి పెళ్లి వంటల గుండిగ దించడం లాంటిది.

హోస్ట్ మీద క్రాన్ వాడే వీలు లేకపోతే, షెడ్యూల్ కోసమే విడిగా ఒక కంటైనర్ పెట్టుకోండి. అది ఎప్పుడూ ఒక్కటే ఉండాలి. అందులో మామూలు క్రాన్ బదులు సూపర్‌క్రానిక్ అని ఒకటి ఉంది, కంటైనర్ల కోసమే చేసింది. అదే క్రాన్‌ట్యాబ్ ఫైల్ చదువుతుంది, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌ని జాబ్‌కి అందిస్తుంది, లాగ్స్‌ని డాకర్‌కి కనపడేలా రాస్తుంది. ఇందాక చెప్పిన రెండు సమస్యలూ పోతాయి.

ఇక ఓటీపీలు డిలీట్ చేయడం లాంటివి. ఇది కేవలం ఒక ఎస్‌క్యూఎల్ లైన్. దీని కోసం బయట నుంచి ఎవరో వచ్చి, పాస్‌వర్డ్ చెప్పి, లోపలికి వెళ్లి డిలీట్ చేయాల్సిన అవసరం ఏముంది? పోస్ట్‌గ్రెస్‌కి పీజీ క్రాన్ అనే ఎక్స్‌టెన్షన్ ఉంది. సైటస్ డేటా కంపెనీ వాళ్లు చేశారు. షెడ్యూల్ డేటాబేస్ లోపలే ఉంటుంది. అదే జాబ్ ముందుసారిది ఇంకా నడుస్తుంటే రెండోది పక్కనే మొదలవదు, ఆగుతుంది. ప్రతి రన్ ఎలా ముగిసిందో ఒక టేబుల్‌లో రాసి పెడుతుంది, సెలెక్ట్ కొట్టి చూసుకోవచ్చు. యాప్ కంటైనర్లు మూడు కాదు ముప్పై అయినా దానికి సంబంధం లేదు.

కానీ అధికారిక పోస్ట్‌గ్రెస్ డాకర్ ఇమేజ్‌లో అది ఉండదు. మీరే ఆ ఇమేజ్ మీద ప్యాకేజీ వేసి సొంత ఇమేజ్ చేసుకోవాలి, సర్వర్ మొదలయ్యేటప్పుడే లోడ్ అయ్యే లైబ్రరీల లిస్ట్‌లో దాని పేరు చేర్చాలి. ఇంకో నవ్వొచ్చే విషయం, ఆ రన్‌ల టేబుల్ తనంతట తాను ఖాళీ అవదు, పెరుగుతూనే ఉంటుంది. దాన్ని శుభ్రం చేయడానికి ఇంకో పీజీ క్రాన్ జాబ్ పెట్టుకోవాలి. చీపురుని ఊడ్చడానికి ఇంకో చీపురు. బ్యాకప్‌కి మాత్రం ఇది పనికిరాదు. పీజీ డంప్ అనేది ఎస్‌క్యూఎల్ కాదు, విడి ప్రోగ్రాం. మైఎస్‌క్యూఎల్ వాడేవాళ్లకి ఈవెంట్ షెడ్యూలర్ అని ఇలాంటిదే ముందే ఉంటుంది, 8.0 నుంచి ఆన్ అయ్యే వస్తుంది.

కుబర్నెటిస్ వాడే కంపెనీలో ఉన్నవాళ్లకి క్రాన్‌జాబ్ అనే ఆబ్జెక్ట్ ఉంది. టైమ్ అయినప్పుడల్లా అది ఒక జాబ్ పుట్టిస్తుంది, జాబ్ ఒక పాడ్ పుట్టిస్తుంది, పని చేసి ముగుస్తుంది. శుభ్రమైన పద్ధతి. కానీ అది మీరు చెప్పకుండానే తీసుకునే నిర్ణయాలు కొన్ని ఉన్నాయి, అవి తెలియకుండా వాడకండి.

కంకరెన్సీ పాలసీ అని ఒక సెట్టింగ్. మీరేం చెప్పకపోతే అది అలౌ. అంటే నిన్నటి బ్యాకప్ ఇంకా నడుస్తున్నా ఇవాళ్టిది మొదలుపెట్టేస్తుంది. గంటకోసారి నడిచే జాబ్ ఒకరోజు డేటాబేస్ స్లో అయ్యి గంటకన్నా ఎక్కువ పట్టింది అనుకోండి, రెండోది వచ్చి చేరుతుంది, ఇంకా స్లో అవుతుంది, మూడోది వస్తుంది. సంక్రాంతికి విజయవాడ హైవే మీద టోల్ ప్లాజా లాగా తయారవుతుంది. డేటాబేస్ పనులకి ఫర్బిడ్ పెట్టండి. దాంతోపాటు జాబ్‌కి ఇన్ని సెకన్లకి మించి నడవకూడదు అని గడువు కూడా పెట్టండి. ఎందుకంటే ఫర్బిడ్ పెట్టాక ఒక జాబ్ ఎక్కడో ఇరుక్కుని కూర్చుంటే, దాని తర్వాతవి ఏవీ నడవవు. మళ్లీ నిశ్శబ్దం.

ఇంకోటి, జాబ్ ఫెయిల్ అయితే మామూలుగా 6 సార్ల దాకా మళ్లీ ప్రయత్నిస్తుంది. బ్యాకప్‌కి మంచిదే. లేట్ ఫీజుకి? సగం మందికి వేశాక ఫెయిల్ అయితే, మళ్లీ మొదట్నుంచి మొదలవుతుంది. అంతెందుకు, కుబర్నెటిస్ డాక్యుమెంటేషన్‌లోనే సూటిగా రాసి ఉంది: ఒక టైమ్‌కి ఒక జాబే పుడుతుందని గ్యారంటీ లేదు, అరుదుగా రెండు పుట్టొచ్చు, అసలు పుట్టకపోనూవచ్చు, అందుకని రెండుసార్లు నడిచినా నష్టం లేకుండా మీ పని రాసుకోండి అని.

రెండుసార్లు నడిచినా నష్టం లేకుండా రాయడం అంటే ఏంటో లేట్ ఫీజులో చూద్దాం. స్టూడెంట్ బ్యాలెన్స్‌కి 200 కలుపు అని అప్‌డేట్ రాస్తే, ఎన్నిసార్లు నడిస్తే అన్ని 200లు. అలా కాకుండా ఫీజుల టేబుల్‌లో ఒక్కో ఫీజూ ఒక్కో వరుస. స్టూడెంట్ నంబర్, ఏ నెల, ఏ రకం ఫీజు, ఈ మూడూ కలిపి యూనిక్ అని డేటాబేస్‌కి చెప్పండి. ఇన్సర్ట్ రాసేటప్పుడు ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ నథింగ్ అని చేర్చండి. ఇక ఆ జాబ్ మూడుసార్లు కాదు, ముప్పైసార్లు నడవనివ్వండి. జనవరి నెల లేట్ ఫీజు ఒక్కటే పడుతుంది. షెడ్యూలర్ సరిగ్గా ఉంటుందని నమ్మి కూర్చోవడం కంటే, అది తప్పు చేసినా పిల్లాడి డబ్బు పోకుండా టేబుల్‌లోనే కట్టడి చేయడం నయం.

ఇక టైమ్ గురించి. ఇది మనవాళ్లకి ప్రత్యేకంగా తగిలే దెబ్బ. కంటైనర్ గడియారం మామూలుగా యూటీసీలో ఉంటుంది. మనం యూటీసీ కన్నా 5 గంటల 30 నిమిషాలు ముందు. రాత్రి 2 గంటలకి అని మీరు రాసిన జాబ్ మన పొద్దున 7:30కి నడుస్తుంది. హాస్టల్‌లో టిఫిన్ టైమ్, అందరూ ఫోన్ చేతిలో పట్టుకుని ఉంటారు, అప్పుడు మీ డేటాబేస్ మీద బరువైన పని. సరే, లెక్కేసి రాత్రి 20:30 అని రాస్తాం. రోజువారీ పనికి అది సరిపోతుంది. కానీ ప్రతి నెల 1వ తేదీ అర్ధరాత్రి 12:05కి నడవాలి అంటే? యూటీసీలో అది ముందు నెల చివరి రోజు సాయంత్రం 18:35. చివరి రోజు అంటే 28, 29, 30, 31, ఏదైనా కావచ్చు. మామూలు క్రాన్‌లో నెల చివరి రోజు అని రాసే గుర్తే లేదు.

కుబర్నెటిస్‌లో 1.27 వెర్షన్ నుంచి క్రాన్‌జాబ్‌కి టైమ్‌జోన్ రాసే సౌకర్యం స్థిరపడింది, అక్కడ ఏషియా స్లాష్ కోల్‌కతా అని ఇచ్చేయండి. డాకర్‌లో అయితే టీజెడ్ వేరియబుల్ ఇస్తాం. కానీ ఆల్పైన్ ఇమేజ్‌లో టీజెడ్‌డేటా ప్యాకేజీ లేకపోతే, మీరు పేరు ఇచ్చినా అది చడీచప్పుడు లేకుండా యూటీసీలోనే ఉండిపోతుంది. ఒకసారి డేట్ కమాండ్ కొట్టి కళ్లతో చూసుకోండి.

ఇది సరిచేసినా ఇంకొకటి మిగిలి ఉంటుంది, ఇది చాలామంది గమనించరు. షెడ్యూల్ మన టైమ్‌లో నడిచింది, కానీ డేటాబేస్ ఇంకా యూటీసీలో ఉంది. 6వ తేదీ రాత్రి 1 గంటకి లేట్ ఫీజు జాబ్ లేచి, ఇవాళ తేదీ ఎంత అని పోస్ట్‌గ్రెస్‌ని అడిగింది. అది 5 అని చెప్తుంది! ఎందుకంటే మనకి పొద్దున 5:30 అయ్యేదాకా యూటీసీలో తేదీ మారదు. ఇవాళ ఇంకా గడువే ఉంది అనుకుని జాబ్ ఎవరికీ ఫీజు వేయకుండా, సక్సెస్ అని చెప్పి పడుకుంటుంది. తేదీ మీద ఆధారపడే ప్రతి క్వెరీలో టైమ్‌జోన్ స్పష్టంగా రాయండి.

అమెరికా క్లయింట్ల ప్రాజెక్టుల్లో ఉన్నవాళ్లకి ఇంకో మాట. మనకి లేదు గానీ వాళ్లకి గడియారం ముందుకీ వెనక్కీ జరుగుతుంది. మార్చిలో ఒక ఆదివారం తెల్లవారుజామున 2 తర్వాత నేరుగా 3 అవుతుంది, ఆరోజు 2:30 అనే టైమే రాదు. నవంబర్‌లో 1:30 రెండుసార్లు వస్తుంది. అక్కడి టైమ్‌లో ఆ మధ్య జాబ్స్ పెట్టకపోతే గొడవే లేదు.

ఇప్పుడు మళ్లీ బ్యాకప్ దగ్గరికి వద్దాం, ఎక్కువ నష్టం ఇక్కడే. అందరూ రాసే లైన్ ఇది: పీజీ డంప్ అవుట్‌పుట్‌ని పైప్ ద్వారా జీజిప్‌కి పంపి, ఫైల్‌లో పెట్టు. పీజీ డంప్ ఫెయిల్ అయ్యింది అనుకోండి, పాస్‌వర్డ్ మారింది, లేదా వెర్షన్ కలవలేదు. జీజిప్‌కి ఏమీ రాలేదు. అది ఆ ఏమీ లేనిదాన్నే చక్కగా కంప్రెస్ చేసి, 20 బైట్ల ఫైల్ చేసి, నా పని అయిపోయింది అని ముగుస్తుంది. షెల్ చూసేది పైప్‌లో చివరి కమాండ్ ఫలితాన్ని. అంటే మొత్తం మీద సక్సెస్! క్రాన్‌కి సక్సెస్, కుబర్నెటిస్‌లో పచ్చ టిక్. ఫోల్డర్‌లో రోజుకో ఫైల్, తేదీలతో సహా. అన్నీ 20 బైట్లు. లిస్ట్‌లో పేర్లు చూసి సైజ్ చూడకపోతే నెలల తరబడి తెలియదు.

బ్యాష్ స్క్రిప్ట్ మొదట్లో సెట్ పైప్‌ఫెయిల్ పెడితే, పైప్‌లో ఏ ఒక్కటి ఫెయిల్ అయినా మొత్తం ఫెయిల్ అవుతుంది. అది తప్పకుండా పెట్టండి. దాని తర్వాత ఫైల్ సైజ్ కూడా చూడండి. నిన్నటి దాంట్లో సగం కన్నా తక్కువ ఉంటే ఫెయిల్ అని చెప్పమనండి. పీజీ డంప్ కస్టమ్ ఫార్మాట్ వాడితే కంప్రెషన్ అదే చేసుకుంటుంది, పైప్ అవసరమే రాదు. నాకు అదే ఇష్టం.

ఆ ఫైల్ ఎక్కడ పడుతోందో కూడా చూసుకోండి. కంటైనర్ లోపలి ఫోల్డర్‌లో పడితే, కంటైనర్ తీసేసి కొత్తది పెట్టిన రోజు అన్ని బ్యాకప్‌లూ పోతాయి. వాల్యూమ్‌లో పెట్టినా, అది డేటాబేస్ ఉన్న డిస్క్ మీదే ఉంటే, డిస్క్ పోయిన రోజు రెండూ పోతాయి. ఇంటి తాళం చెవిని ఇంట్లోనే పెట్టి తాళం వేసినట్టు. వేరే మెషిన్‌కి, వీలైతే వేరే అకౌంట్‌కి పంపండి.

సరే, ఇన్ని చేశాం. మొదట్లో అడిగిన ప్రశ్న ఇంకా అలాగే ఉంది. ఆ జాబ్ అసలు మొదలే కాకపోతే? స్క్రిప్ట్‌లో ఎర్రర్ వస్తే అలర్ట్ పంపు అని మీరు రాశారు, బాగుంది. కానీ స్క్రిప్ట్ నడవకపోతే ఆ అలర్ట్ పంపేదెవరు? గిట్‌ల్యాబ్‌లో కనీసం మెయిల్ బయల్దేరింది, దారిలో తప్పిపోయింది. ఇక్కడ బయల్దేరేవాళ్లే లేరు.

హైదరాబాద్ కాలనీల్లో రాత్రిపూట వాచ్‌మెన్ విజిల్ ఊదుకుంటూ, కర్రతో నేల మీద కొట్టుకుంటూ తిరుగుతాడు, వినే ఉంటారు. ఆ విజిల్ అర్థం దొంగ వచ్చాడని కాదు. నేను మెలకువగా ఉన్నాను అని. ఒక రాత్రి విజిల్ వినపడకపోతేనే మనం లేచి కిటికీలోంచి చూడాలి. జాబ్స్‌కి కూడా ఇదే పెట్టాలి. పని పూర్తిగా, సరిగ్గా అయ్యాకే స్క్రిప్ట్ చివరి లైన్ బయట ఒక అడ్రస్‌కి చిన్న రిక్వెస్ట్ పంపాలి. అవతల ఉన్న సర్వీస్, రోజూ రావాల్సిన ఆ విజిల్ టైమ్‌కి రాలేదంటే మీ ఫోన్‌కి మెసేజ్ పంపాలి. హెల్త్‌చెక్స్ అని ఓపెన్ సోర్స్ సర్వీస్ ఒకటి సరిగ్గా ఈ పనే చేస్తుంది, చిన్న వాడకానికి ఉచితం, కావాలంటే మీ సొంత సర్వర్ మీద కూడా పెట్టుకోవచ్చు. కుబర్నెటిస్‌లో ప్రొమీథియస్ ఉన్నవాళ్లు, క్రాన్‌జాబ్ చివరిసారి సక్సెస్ అయిన టైమ్‌ని చూసి, అది 26 గంటల కన్నా పాతది అయితే అలర్ట్ పెట్టుకోవచ్చు. 24 కాకుండా 26 ఎందుకంటే, బ్యాకప్ ఒకరోజు కాస్త ఆలస్యమైతే ఊరికే నిద్ర లేపకూడదు కదా. ఊరికే లేపే అలర్ట్‌ని మూడో రోజు మనమే మ్యూట్ చేస్తాం.

ఒక్క షరతు. ఆ వినేవాడు మీ సర్వర్ మీద ఉండకూడదు. సర్వర్ మొత్తం పడిపోతే వాచ్‌మెనూ, వినాల్సినవాడూ ఒకేసారి నిద్రపోయినట్టు.

చివరి షెడ్యూల్ జాబ్ ఇంకొకటి పెట్టుకోండి, వారానికి ఒకటి. నిన్నటి బ్యాకప్ తీసుకుని, ఖాళీ పోస్ట్‌గ్రెస్ కంటైనర్ ఒకటి లేపి, అందులో రీస్టోర్ చేసి, స్టూడెంట్స్ టేబుల్‌లో ఎన్ని వరుసలు ఉన్నాయో, చివరి పేమెంట్ తేదీ ఏంటో చూసి, ఆ కంటైనర్‌ని పడేయాలి. పాత రోజుల్లో దీనికి వేరే సర్వర్ కావాలి, ఎవరూ చేసేవాళ్లు కాదు. కంటైనర్ల వల్ల మనకి నిజంగా కలిసొచ్చిన విషయం ఇది, రెండు నిమిషాల కోసం ఒక డేటాబేస్‌ని పుట్టించి పారేయొచ్చు. 200 మంది ఉండాల్సిన చోట 200 వచ్చి, చివరి పేమెంట్ నిన్నటిదే అయితే, అప్పుడు విజిల్ ఊదండి.

మీ దగ్గర ఇప్పటికే ఏదైనా యాప్ నడుస్తుంటే, ఈ వీడియో ఆపి ఒక్కసారి బ్యాకప్ ఫోల్డర్ ఓపెన్ చేసి ఫైల్ సైజులు చూడండి. 20 అని కనపడితే నాకు చెప్పకండి, ముందు చేత్తో ఒక డంప్ తీసుకోండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో ఆ రీస్టోర్ స్క్రిప్ట్‌ని స్క్రీన్ మీద మొదట్నుంచి రాద్దాం. ఉంటా మరి, బై.